అన్న సగంలో వదిలిన కీర్తనలు

పదహారో శతాబ్దపు ఇంగ్లాండ్ అనగానే మనకు ఎలిజబెత్ రాణి, షేక్స్పియర్ గుర్తొస్తారు. అదే కాలంలో కలం పట్టిన ఒక పెద్దింటి ఆడపడుచు గురించి ఈ రోజు చెప్పాలనిపించింది. ఆమె పేరు మేరీ సిడ్నీ.

ఆమె 1561లో పుట్టింది. మరుసటి ఏడు రాణిగారికి మశూచి సోకితే, దగ్గరుండి సేవ చేసింది మేరీ తల్లే. రాణి కోలుకుంది కానీ ఆ జబ్బు తల్లికి అంటుకుని ముఖం పాడైపోయింది.

మేరీకి ఇంట్లోనే మంచి చదువు చెప్పించారు. ఫ్రెంచి, ఇటాలియన్, లాటిన్ వచ్చు. పదిహేనేళ్ళకే పెంబ్రోక్ ప్రభువుకిచ్చి పెళ్ళి చేశారు. ఆయనకు నలభై దగ్గరపడుతున్నాయి, అది మూడో పెళ్ళి. విల్టన్ అనే పెద్ద భవంతిలో కాపురం, నలుగురు పిల్లలు. అన్న ఫిలిప్ అంటే ఆమెకు ప్రాణం. అతను పేరున్న కవి. చెల్లెలి ఇంట్లో ఉండి, ఆమె కోసమే 'ఆర్కేడియా' అనే పెద్ద కథ రాశాడు.

1584లో మూడేళ్ళ కూతురు పోయింది. 1586 మరీ దారుణం. మే నెలలో తండ్రి, ఆగస్టులో తల్లి, అక్టోబరులో నెదర్లాండ్స్ యుద్ధంలో గాయపడి అన్న. ఆరు నెలల్లో పుట్టిల్లు సగం ఖాళీ అయిపోయింది.

ఆ దుఃఖంలోంచి లేచి ఆమె చేసిన పని చూడండి. అన్న బైబిలులోని 150 కీర్తనలను ఇంగ్లీషు పద్యాలుగా మలచడం మొదలుపెట్టి, 43 దగ్గర ఆగిపోయాడు. మిగిలిన 107 ఈమె పూర్తి చేసింది. ఏదో భక్తితో ముగించేయడం కాదు, దాదాపు ప్రతి కీర్తనకూ ఒక కొత్త ఛందస్సు. పద్యం రాయాలని ఒక్కసారైనా ప్రయత్నించినవారికి అదెంత కష్టమో తెలుస్తుంది. రాసినదాన్ని మళ్ళీ మళ్ళీ దిద్దుకుంది కూడా. అన్న 'ఆర్కేడియా'ను 1593లో అచ్చు వేయించింది.

ఆ రోజుల్లో గొప్పింటి స్త్రీ అనువాదాలు, భక్తి రచనలు చేస్తే ఒప్పుకునేవారు. పేరు పెట్టుకుని అచ్చుకెక్కడం మాత్రం మర్యాద కాదనుకునేవారు. మేరీ 1592లో ఫ్రెంచి నుంచి అనువదించిన ఆంటోనీ నాటకాన్ని, మరణం గురించిన ఒక వ్యాసాన్ని తన పేరుతోనే వేయించింది. కీర్తనలు మాత్రం చేతిరాత ప్రతులుగానే తిరిగాయి. జాన్ డన్ లాంటి కవి వాటిని మెచ్చుకుంటూ పద్యం రాశాడు. అవి అచ్చయింది 1823లో, ఆమె పోయిన రెండు వందల ఏళ్ళకు!

1621లో ఆమెను తీసుకెళ్ళింది కూడా మశూచే. తల్లి ముఖాన్ని పాడుచేసిన జబ్బే కూతురి ప్రాణం తీసింది. రెండేళ్ళ తర్వాత షేక్స్పియర్ నాటకాల మొదటి సంపుటి వచ్చినప్పుడు, దాన్ని అంకితమిచ్చింది ఆమె ఇద్దరు కొడుకులకే.

ఆమె పోయాక వచ్చిన ప్రసిద్ధ స్మృతిపద్యం ఆమెను ఫలానా అతని చెల్లెలిగా, ఫలానా అతని తల్లిగా పరిచయం చేస్తుంది. అవి అబద్ధాలు కావు. అన్న పేరు నిలబెట్టడానికి ఆమే అంత శ్రమపడింది. కానీ 107 కీర్తనలు రాసిన చెయ్యి ఎవరిదో అందులో ఎక్కడా కనిపించదు. మన ఇళ్ళలోనూ ఎవరి కూతురు, ఎవరి కోడలు అని అడుగుతాం కానీ, ఆమె ఏం చేస్తుందని అడగడం తక్కువే కదా! ఈసారి అడిగి చూడండి.