ఆ మూడు సెకన్లు ఎవరివి? బాస్కెట్‌బాల్‌లో గడియారపు పొరపాట్లు, సరిదిద్దే అధికారం

ఓడరేవు ప్రాంతాల వారికి గడియారం దిద్దుకోవడం కొత్త సంగతి కాదు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాల నెలకొల్పారు. అక్కడ లెక్కగట్టిన సమయాన్ని డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండాకొయ్య ద్వారా ఓడలకు తెలియజేసే ఏర్పాటు ఉండేది. ఓడలో ఎన్ని గడియారాలున్నా ఆ జెండా చెప్పిందే సమయం. బాస్కెట్‌బాల్ కోర్టులోనూ అంతే. చూసేవారి చేతికి ఎన్ని వాచీలున్నా టేబుల్ దగ్గరి గడియారం చూపేదే ఆట సమయం. మరి ఆ గడియారమే తప్పితే? దాన్ని ఎవరు దిద్దాలి, ఏ ఆధారంతో దిద్దాలి? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రాసిన 13 నియమాల్లో 11వది చూడండి. బంతి ఎవరిదో తేల్చేదీ, గోల్స్ లెక్కపెట్టేదీ, సమయం చూసేదీ రెఫరీయే. 15 నిమిషాల చొప్పున రెండు భాగాల ఆట, ఒక మనిషి, ఒక వాచీ. తర్వాత ఆట వేగం పెరిగింది. గడియారం రెఫరీ చేతిలో నుంచి కోర్టు పక్కనున్న టేబుల్ మీదికి మారింది. అంటే ఈల వేసే మనిషి వేరు, మీట నొక్కే మనిషి వేరు అయ్యారు. గడియారపు పొరపాట్లలో చాలా భాగం ఈ ఇద్దరి మధ్యనున్న ఎడంలో పుట్టినవే.

మ్యూనిక్, 1972

ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ను చేర్చిన 1936 నుంచి అమెరికా జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు. వరుసగా 63 విజయాలు. 1972లో ఫైనల్లో ఎదురైనది సోవియట్ యూనియన్. అమెరికా టెలివిజన్ ప్రేక్షకుల వీలు కోసం ఆటను సెప్టెంబరు 9 రాత్రి 11.45కు మొదలుపెట్టారు. ఇజ్రాయెల్ క్రీడాకారుల హత్య జరిగి నాలుగు రోజులే అయింది. ప్రచ్ఛన్న యుద్ధం సంగతి సరేసరి.

చివరి క్షణాల్లో సోవియట్ జట్టు 49-48తో ముందుంది. 3 సెకన్లు మిగిలి ఉండగా అమెరికా ఆటగాడు డగ్ కాలిన్స్‌కు రెండు ఫ్రీ త్రోలు లభించాయి. మొదటిది పడింది. రెండోది వేయబోతుండగా టేబుల్ దగ్గర హారన్ మోగింది. కాలిన్స్ ఆగలేదు, అదీ పడింది. 50-49. సోవియట్ ఆటగాళ్లు బంతిని లోపలికి వేశారు. ఈలోగా వారి శిక్షణ బృందం టేబుల్ దగ్గరికి పరుగెత్తింది. తాము ముందే టైమ్ అవుట్ కోరామనీ, ఇవ్వలేదనీ వారి ఫిర్యాదు. ఆ గందరగోళం చూసి రెఫరీ రెనాటో రిఘెట్టో ఆట ఆపేసరికి గడియారంలో మిగిలింది 1 సెకను.

అప్పుడు ప్రేక్షకుల వైపు నుంచి వచ్చిన వ్యక్తి విలియం జోన్స్, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా ప్రధాన కార్యదర్శి. ఆయన మూడు వేళ్లు చూపించారు. గడియారాన్ని 3 సెకన్లకు తిప్పమని దాని అర్థం. సమాఖ్యలో ఆయన మాటకు తిరుగులేదు గానీ, నడుస్తున్న ఆటలో గడియారం దిద్దే అధికారం నియమాల ప్రకారం ఆయనకు లేదు. అయినా రెఫరీలు తలవంచారు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. గడియారాన్ని తిప్పుతూ ఉండగానే, ఇంకా 3 సెకన్లకు చేరకముందే, రెఫరీలు బంతిని ఆటలోకి ఇచ్చారు. వెంటనే హారన్ మోగింది. ఆట ముగిసిందనుకుని అమెరికన్లు గంతులు వేశారు. గడియారం సరిగా పెట్టలేదు కాబట్టి మళ్లీ ఆడాలన్నారు. మూడోసారి ఇవాన్ ఎదెష్కో కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు బంతి విసిరాడు. అలెగ్జాండర్ బెలోవ్ అందుకుని బుట్టలో వేశాడు. 51-50.

రెండుసార్లు తిరిగి ఆడించడాన్ని ఒకే అన్యాయంగా చెప్పడం అమెరికా కథనం. రెంటినీ ఒకే న్యాయంగా చెప్పడం సోవియట్ కథనం. నా దృష్టిలో రెండూ పొరపాటే. రెండోసారి జరిగింది అచ్చంగా అధికారుల తప్పు. గడియారం సిద్ధం కాకుండా బంతి ఇస్తే ఆ ఆట చెల్లదు, తిరిగి ఆడించాల్సిందే. మొదటిసారి సంగతి వేరు. టైమ్ అవుట్ సకాలంలో కోరారా లేదా అన్నది వివాదంలో ఉంది. 1 సెకను నుంచి 3కు వెళ్లడానికి ఏ అధికారి చూసిన ఆధారం ఉంది? ఒకవేళ 3 సెకన్లే న్యాయమనుకున్నా, ఆ మాట చెప్పాల్సిన నోరు జోన్స్‌ది కాదు.

అమెరికా అప్పీలును అయిదుగురు సభ్యుల సంఘం 3-2తో తోసిపుచ్చింది. హంగేరీ, పోలండ్, క్యూబా ఒకవైపు, ఇటలీ, ప్యూర్టోరికో మరోవైపు. రిఘెట్టో స్కోర్‌షీటు మీద సంతకం చేయనన్నాడు. అమెరికా ఆటగాళ్లు రజత పతకాలు తీసుకోలేదు, నేటికీ తీసుకోలేదు.

సెకనులో పదో వంతు

తర్వాతి మార్పులను అమెరికా వృత్తి లీగ్ ఎన్.బి.ఎ.లో చూడవచ్చు. 1990 జనవరి 15న న్యూయార్క్, షికాగో జట్లు 106 వద్ద సమంగా ఉన్నాయి. మిగిలింది 0.1 సెకను. ట్రెంట్ టక్కర్ బంతి అందుకుని, తిరిగి, గురిచూసి మూడు పాయింట్ల షాట్ వేశాడు. పదో వంతు సెకనులో ఇదంతా మనిషికి సాధ్యమా? గడియారం ఆలస్యంగా కదిలిందని స్పష్టమే, అయినా ఫలితం నిలిచింది. మరుసటి సీజన్‌లో వచ్చిన నియమం ప్రకారం బంతి అందుకుని షాట్ వేయాలంటే కనీసం 0.3 సెకను ఉండాలి. అంతకన్నా తక్కువ ఉంటే బంతిని తట్టి నేరుగా బుట్టలోకి పంపాలి. ఇది తెలివైన పరిష్కారం. మీట నొక్కే చేతి ఆలస్యాన్ని పూర్తిగా నివారించలేమని ఒప్పుకుని, దానివల్ల కలిగే అన్యాయానికి హద్దు గీసింది. నేటి ఫిబా నియమాల్లోనూ ఈ హద్దు ఉంది.

2002 ప్లే ఆఫ్స్‌లో సమాకీ వాకర్ సమయం దాటాక వదిలిన షాట్‌ను లెక్కలో వేశారు. లాస్ ఏంజిలిస్ ఆ ఆటను 100-99తో గెలిచింది. తర్వాతి సీజన్ నుంచి వీడియో చూసి తేల్చే పద్ధతి వచ్చింది.

నేటి నియమాలు, మన కోర్టులు

మద్రాసులో హెచ్.సి. బక్ 1920లో ప్రారంభించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల దక్షిణాదిలో ఇలాంటి ఆటలకు పెద్ద ఊతం. నేడు భీమునిపట్నం లాంటి ఊళ్లో పాఠశాలల పోటీ జరిగితే వీడియో ఉండదు. చాలాసార్లు ఎలక్ట్రానిక్ గడియారమూ ఉండదు, ఒక ఉపాధ్యాయుడి చేతిలో స్టాప్‌వాచ్ ఉంటుంది. అక్కడా వర్తించేది ఫిబా నియమమే. సమయం, స్కోరు నమోదులో జరిగిన పొరపాటును ప్రధాన రెఫరీ స్కోర్‌షీటు మీద సంతకం చేసేలోపు ఎప్పుడైనా రెఫరీలు సరిదిద్దవచ్చు. నిర్వాహకుడో, ముఖ్య అతిథో కాదు. సరిదిద్దలేదని భావించిన జట్టు తరఫున కెప్టెన్ ఆట ముగిసిన 15 నిమిషాల్లోగా అభ్యంతరం తెలపాలి.

వీడియో లేనిచోట ఆధారం ఏమిటి? అమెరికా హైస్కూలు నియమాలు దీనికి మంచి జవాబు చెప్పాయి. ఎంత సమయం పోయిందో రెఫరీకి కచ్చితంగా తెలిస్తేనే దిద్దాలి, ఊహతో దిద్దకూడదు. అందుకే అనుభవం గల రెఫరీ ఈల వేసిన ప్రతిసారీ గడియారం వైపు ఒక చూపు వేస్తాడు. లోపలికి బంతి వేయడానికి ఇచ్చే 5 సెకన్లను చేతితో లెక్కిస్తాడు. గడియారం కదలలేదని తర్వాత తెలిస్తే ఆ చూపూ, ఆ లెక్కే సాక్ష్యం. బంతి ఇచ్చే ముందు టైమర్ చేయి ఎత్తి సిద్ధమని చూపేదాకా ఆగుతాడు. మ్యూనిక్‌లో రెండోసారి ఆ కాస్త ఆగి ఉంటే, అమెరికన్లు గంతులు వేసిన ఆ హారన్ మోగేదే కాదు. మొదటిసారి వివాదం మాత్రం అప్పటికీ మిగిలేది.