రాజాజ్ఞ నుండి వెండితెరకు: ముర్నౌ 'టార్ట్యుఫ్' మూకీ చిత్రం - పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఫ్రెంచి నాటకకర్త మొలియేర్ రచించిన 'టార్ట్యుఫ్' 1664 మే 12న వెర్సాయ్‌లో 14వ లూయీ సమక్షంలో తొలిసారి ప్రదర్శితమైంది. భక్తి ముసుగులో ఒక కుటుంబాన్ని దోచుకొనే కపటిని చిత్రించిన ఈ హాస్యనాటకంపై మతవర్గాలు ఆగ్రహించడంతో బహిరంగ ప్రదర్శన నిషిద్ధమైంది. 1667లో మార్పులతో ప్రదర్శించిన రూపానికీ అదే గతి పట్టింది. 1669 ఫిబ్రవరిలో గాని పూర్తి అనుమతి లభించలేదు. జర్మన్ దర్శకుడు ఎఫ్. డబ్ల్యు. ముర్నౌ ఊఫా సంస్థకు రూపొందించిన ఈ నాటకపు మూకీ రూపం 1926 జనవరిలో బెర్లిన్‌లో విడుదలైంది. మాటే ప్రాణమైన పద్యనాటకం మాటలేని తెరపైకి వచ్చినప్పుడు పోయినదేమిటి, చేరినదేమిటి అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. కథాసంక్షేపణ

నాటకంలో మూడవ అంకం వరకు టార్ట్యుఫ్ రంగంపైకి రాడు. అంతవరకు ఇంటివారి వాగ్వాదమే అతని రూపాన్ని ప్రేక్షకుల మనస్సులో నిర్మిస్తుంది. చిత్రానువాద రచయిత కార్ల్ మేయర్ ఈ వాదప్రతివాదాలను, ఓర్గాన్ కుమారుడు, కుమార్తె, బావమరది పాత్రలను తొలగించాడు. ఓర్గాన్, అతని భార్య ఎల్మీర్, టార్ట్యుఫ్, పరిచారిక డోరీన్ మాత్రమే ప్రధానంగా మిగిలారు. నాటకంలో కుమార్తె వివాహం, ఆస్తి ప్రమాదంలో పడగా, చిత్రంలో ముందుగా ప్రమాదంలో పడేది దాంపత్యమే.

3. వినికిడి నుండి చూపునకు

ప్రయాణం నుండి తిరిగివచ్చిన ఓర్గాన్ (వెర్నర్ క్రాస్) ముద్దు పాపమని భార్యను దూరం పెడతాడు. ఎల్మీర్ (లిల్ డాగోవర్) కన్నీటిబొట్టు భర్త చిత్తరువుపై రాలుతుంది. టార్ట్యుఫ్ పాత్రధారి ఎమిల్ యానింగ్స్ ప్రార్థనాగ్రంథాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకొని నడుస్తాడు. ఇక్కడ గ్రంథమే ముసుగు. నాటకంలో ఓర్గాన్ బల్లకింద దాగి కపటి మాటలను వింటాడు. చిత్రంలో తెరచాటున ఉన్న ఓర్గాన్ ప్రతిబింబాన్ని తేనీటిపాత్రపై చూసి టార్ట్యుఫ్ జాగ్రత్తపడతాడు. చివరకు తలుపు తాళపురంధ్రం గుండా చూసినప్పుడే ఓర్గాన్‌కు నిజం తెలుస్తుంది. మోసమూ, మోసం బయటపడటమూ రెండూ చూపుకు సంబంధించినవే అయ్యాయి.

4. చట్రకథ

మేయర్ సమకాలీన కథనొకటి చేర్చాడు. వృద్ధుని ఆస్తిని ఆశించిన గృహసేవిక అతనికి కొద్దికొద్దిగా విషమిస్తుంటుంది. నటుడైన మనుమడు సంచార చలనచిత్ర ప్రదర్శకుని వేషంలో వచ్చి 'టార్ట్యుఫ్' చిత్రాన్ని వారికే చూపుతాడు. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ ఈ భాగాన్ని కఠినమైన వాస్తవికతతోనూ, లోపలి కథను మృదువైన వెలుగుతోనూ చిత్రించాడు.

5. ఉపసంహారం

నాటకాంతంలో రాజప్రతినిధి వచ్చి టార్ట్యుఫ్‌ను బంధిస్తాడు. రాజానుగ్రహంతోనే రంగమెక్కగలిగిన నాటకానికి ఆ ముగింపు సహజం. చట్రకథలో రాజు లేడు; వృద్ధుని కళ్లు తెరిపించేది చలనచిత్రమే. ఈ మార్పుకు మూల్యం లేకపోలేదు: మతాధికారాన్ని కలవరపెట్టిన నాటకపు పదును గృహవృత్తాంతంలో కొంత మొద్దుబారింది. అయితే మనుమడు తెరపైనుండి నేరుగా ప్రేక్షకుల వైపు తిరిగి మాట్లాడటంతో, ఆరోపణ ఒక వర్గాన్ని విడిచి చూసేవారి పక్కకు చేరింది.