శాంటా క్లారా మురుగులో ఫ్లూ జాడ

శాన్ ఫ్రాన్సిస్కో అఖాతపు దక్షిణపుటంచున, నేడు శాన్ హోసే, శాంటా క్లారా నగరాలకు ఉమ్మడిగా ఉన్న మురుగునీటి శుద్ధి కేంద్రం 1956లో పని మొదలుపెట్టే నాటికి శాంటా క్లారా లోయకు పేరు తెచ్చినవి పండ్లతోటలు. పండ్లను డబ్బాలకెత్తే కర్మాగారాల వ్యర్థాల బెడద ఆ కేంద్రం ఏర్పాటుకు ఒక కారణం. ఇన్‌ఫ్లుయెంజా ఊసు అక్కడ లేదు, ఎందుకంటే ఆ కాలపు వైద్యులకది ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల జబ్బు మాత్రమే.

ఈ అవగాహన పాక్షికమని బాతులు తేల్చాయి. వాటిలో ఈ వైరస్ పేగు కణాల్లోనే పెరిగి రెట్టతో నీటిలో కలుస్తుందని శాస్త్రవేత్త రాబర్ట్ వెబ్‌స్టర్ బృందం 1978లో చూపింది. వైరస్ కణంలో చొరబడాలంటే కణం పైనున్న సియాలిక్ ఆమ్లమనే చక్కెర అణువును పట్టుకోవాలి, తన హీమాగ్లుటినిన్ అనే మాంసకృత్తును చీల్చే ఎంజైమూ దానికి దొరకాలి. మనిషి పేగులో ఈ రెండింటికీ కొరత లేకపోయినా, జఠరామ్లం, పైత్యరసం, పేగు గోడ మీది జిగురుపొర దానికి అడ్డు నిలుస్తాయి. అందువల్ల రోగి మలంలో వైరస్ జన్యుపదార్థం కనిపించినప్పుడు, అది మింగిన శ్లేష్మంతో దిగిందో, పేగు కణాల్లోనే పుట్టిందో విడదీయడం కష్టం. పైగా ఫ్లూ సోకిన ఎలుకల్లో, ఊపిరితిత్తుల నుంచి వలస వచ్చిన రోగనిరోధక కణాలే చిన్నపేగును దెబ్బతీయగలవని 2014 నాటి ప్రయోగం ఒకటి తెలిపింది.

2020 చివరలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యురాలు అలెగ్జాండ్రియా బోహ్మ్ బృందం ఈ కేంద్రంలో అడుగుకు పేరుకొన్న మడ్డిని కోవిడ్ కోసం పరీక్షించసాగింది. ఆ పద్ధతే తరువాత ఫ్లూకూ విస్తరించి, స్టాన్‌ఫర్డ్, మిషిగన్ విశ్వవిద్యాలయాల్లో ఫ్లూ ప్రబలినప్పుడు దాని జాడ పట్టింది. అయితే మురుగు ఊరి ఆరోగ్యం చెబుతుందే గాని కణంలో జరిగేది చెప్పదు, అందులో ఉమ్మి, శ్లేష్మం, పారబోసిన పాలు కూడా కలిసి ఉంటాయి.

పాల ప్రస్తావన ఊరికే రాలేదు. 2024 మార్చిలో అమెరికా పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 అనే పక్షి ఫ్లూ బయటపడగా, నవంబరులో శాంటా క్లారా కౌంటీ ప్రజారోగ్య ప్రయోగశాల దుకాణంలో అమ్మే పచ్చిపాలలో ఆ వైరస్ జాడను గుర్తించింది, దాంతో ఆ విడత పాలను వెనక్కి తీసుకున్నారు. ఇది మామూలు ఫ్లూ కాదు: వియత్నాంలో 2004లో ఈ రకం సోకి, అతిసారంతో మొదలై మరణించిన బాలుడి మలంలో బతికివున్న వైరస్ దొరికింది, జబ్బుపడ్డ ఆవుల పచ్చిపాలు తాగించిన ఎలుకలూ రోగం పాలయ్యాయి. పాశ్చరైజేషన్ వేడికి ఈ వైరస్ నశిస్తుంది గనుక, పాలు కాచి తాగే తెలుగిళ్ల అలవాటును శాంటా క్లారాలోనూ వదులుకోనక్కరలేదు.