ముఠాదారు సనదు నుంచి ఓటు దాకా

ఎన్నికలు దగ్గర పడ్డాయంటే మన గూడేల్లోకి జీపులు వస్తాయి. దిగినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే మాట: "ఈ ఊరి పెద్ద ఎవరు?" పెద్దను పట్టుకుంటే ఊరి ఓట్లన్నీ ఒక్క మూటగా పడతాయని వాళ్ల లెక్క. మన పెద్దరికం నిజంగా అలాంటిదేనా? ఓటు విషయంలో పెద్ద మాటకు ఎంత విలువ ఇవ్వాలి? ఈ ప్రశ్నలు మన యువకులు అడుగుతున్నారు. జవాబు కోసం మన మన్యం చరిత్రనే తిరగేయాలి.

మనకు రెండు రకాల పెద్దరికాలు ఉన్నాయి. ఒకటి ఊరి లోపల పుట్టింది. అరకు, పాడేరు వైపు ఊళ్లలో నాయుడు, బారికి, పూజారి, దిసారి ఉంటారు. కోయ గూడేల్లో పెదకాపు ఉంటాడు. పండుగ ఏ రోజు చేయాలి, ఓలి ఎంత ఉండాలి, తగువులో ఎవరు తప్పు కట్టాలి అన్నవి వీళ్లు ఒక్కరే కూర్చుని తేల్చరు. నలుగురూ కూర్చుంటారు, పొద్దుపోయేదాకా మాట్లాడతారు, చివరికి కుదిరిన మాటను పెద్ద పైకి చెబుతాడు. ఆ మాట అతనిది కాదు, ఊరిది.

రెండోది పైనుంచి వచ్చింది. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా, దాని మీద ముఠాదారు. రంపలో ముఠాదార్ల మీద మన్సబ్‌దారు ఉండేవాడు. అతని దోపిడీకి, కల్లు మీద వేసిన చిగురుపన్నుకు వ్యతిరేకంగా 1879లో రంప పితూరీ లేచింది. తమ్మన్న దొర వంటివారు ముందు నిలిచారు. పితూరీని అణచిన తర్వాత తెల్లదొరలు మన్సబ్‌దారును తప్పించి, ముఠాదార్లకు నేరుగా సనదులు ఇచ్చారు. సిస్తు వసూలు చేయాలి, ముఠాలో గొడవలు లేకుండా చూడాలి, ఎక్కడైనా అలజడి పుడితే సర్కారుకు కబురు పెట్టాలి. ఇవీ షరతులు.

ఇక్కడే పెద్దరికం తీరు మారింది. అంతకుముందు ముఠాదారు జనానికి జవాబు చెప్పుకోవలసి వచ్చేది. సనదు చేతికి వచ్చాక సర్కారుకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అటవీ చట్టాలు పోడును ఆపినప్పుడు, రోడ్డు పనులకు మనుషులను వెట్టికి లాగినప్పుడు, ముఠాదారు ఒక కాలు కచేరీలో, ఒక కాలు కొండ మీద పెట్టి నిలబడ్డాడు. సర్కారు వైపు వెళ్లినవాళ్లు ఉన్నారు. కొండ వైపు నిలబడినవాళ్లూ ఉన్నారు.

కొండ వైపు నిలబడినవారిలో గాం సోదరుల కథ మన పిల్లలందరికీ తెలియాలి. బట్టిపనుకుల మునసబుగా ఉండి ఆ పదవి పోగొట్టుకున్న గాం గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1924లో గంటం దొర పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు. మల్లు దొర అంతకు ముందే 1923లో పట్టుబడ్డారు. ఆయనకు వేసిన ఉరిశిక్ష తర్వాత ద్వీపాంతర శిక్షగా మారింది. అండమాన్ జైలు చూసి వచ్చిన మనిషి ఆయన.

అదే మల్లు దొర 1952లో, స్వతంత్ర దేశపు మొదటి సాధారణ ఎన్నికల్లో, విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పుడు ఆ నియోజకవర్గానికి రెండు సీట్లు. రెండో సీటు లంకా సుందరంగారికి దక్కింది. ఆ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు. చదువు రానివాళ్లు కూడా తెర వెనక్కి వెళ్లి తమకు నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేసి వచ్చారు. సర్కారు ఇచ్చిన పదవిని సర్కారే తీసేసుకుంది. తర్వాత వచ్చిన పదవిని మాత్రం జనం ఇచ్చారు. మన్యం చరిత్రలో సనదుకూ ఓటుకూ ఉన్న తేడా ఈ ఒక్క ఇంట్లోనే కనిపిస్తుంది.

ముఠాలు 1969 దాకా కాగితం మీద బతికే ఉన్నాయి. ఆ ఏడాది వచ్చిన ముఠాల రద్దు రెగ్యులేషన్ ఆ భూములను రైత్వారీలోకి మార్చింది. ముఠాదారు అనే ఉద్యోగం పోయింది. కానీ ఇంటి పేరు మీద గౌరవం ఒక చట్టంతో పోదు. పాత సంస్థానాల కుటుంబాలు కూడా ఓట్ల బరిలోకి దిగాయి. కురుపాం సంస్థానానికి చెందిన వైరిచర్ల కిశోర్ చంద్ర దేవ్ 1977లో పార్వతీపురం నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఆ తర్వాత పలుమార్లు గెలిచారు. కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రిగానూ పనిచేశారు. 2019లో అరకు స్థానంలో ఆయన మీద గెలిచినామె గొడ్డేటి మాధవి. వ్యాయామ ఉపాధ్యాయురాలు. ఆమె తండ్రి గొడ్డేటి దేముడు చింతపల్లి ఎమ్మెల్యేగా చేసినవారే. ఆ ఎన్నికలో పార్టీ గాలి కూడా బలంగా వీచింది కాబట్టి, వంశం పని అయిపోయిందని ఒక్క ఫలితంతో తేల్చలేం. కానీ కోట పేరు ఒక్కటే ఓటు తేదన్నది మాత్రం స్పష్టం.

మరి ఊరి లోపలి పెద్దరికం ఏమైంది? దానికి 1996లో పెసా చట్టం చోటు ఇచ్చింది. మన ఆచారాలను, ఉమ్మడి వనరులను, తగువులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని ఆ చట్టం చెబుతోంది. ఇక్కడ ఒక మాట గమనించాలి. చట్టం ఆ శక్తిని పెద్దకు ఇవ్వలేదు, సభకు ఇచ్చింది. పెద్ద సభలో ఒకడు.

అది ఎలా పనిచేస్తుందో మన పక్కనే ఉన్న ఒడిశాలో చూశాం. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాల మీద 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. 12 ఊళ్లలో సభలు జరిగాయి. 12 ఊళ్లూ వద్దన్నాయి. డోంగ్రియా కోందులు కొండ మీద తమ దేవుడి గురించి చెప్పింది ఆ సభల్లోనే, అధికారుల ముందే. పాత మాటకు కొత్త సభలో చట్టబద్ధమైన బలం వచ్చింది.

కాబట్టి రెండు పనులను వేరు చేసుకోవాలి. కొండ, నీళ్లు, భూమి, తగువు: ఇవి కలిసి కూర్చుని మాట్లాడి ఒక్క మాట మీదికి రావలసినవి. అక్కడ పెద్దల అనుభవం కావాలి. ఎవరికి ఓటు వేయాలన్నది అలాంటిది కాదు. రహస్య ఓటు పెట్టిందే ఏ పెద్దా, ఏ షావుకారూ, ఏ అధికారీ చూడకుండా ఉండడానికి. సర్పంచ్ పదవి ఏకగ్రీవం చేస్తే సర్కారు ప్రోత్సాహకం ఇస్తుందని నలుగురు పెద్దలు రాత్రికి రాత్రి పేరు ఖాయం చేస్తే, అది మన పాత పద్ధతి కాదు. పాత పద్ధతిలో పొద్దుపోయేదాకా మాట్లాడటం ఉండేది. అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకుని ఊరి తరఫున మాట ఇచ్చే పెద్ద, సనదు తీసుకున్న ముఠాదారు దారిలోనే నడుస్తున్నాడు.

పాత కూటాల్లోనూ లోటు ఉంది. చాలాచోట్ల ఆడవాళ్లు పక్కన నిలబడి వినడమే తప్ప మాట్లాడింది తక్కువ. ఇవాళ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సర్పంచ్ పదవులన్నీ గిరిజనులవే, వాటిలో సగం ఆడవాళ్లవి. ఆ కుర్చీలో కూర్చున్న ఆడబిడ్డ మాట కూటంలో చెల్లేలా చూడటం పెద్దల పని.

ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి ఇది. మీ బడి ఏ ముఠాలో ఉండేదో పిల్లలతో వెతికించండి. చివరి ముఠాదారు ఎవరో, అతను ఊరి వైపు నిలబడ్డాడో కచేరీ వైపు నిలబడ్డాడో ముసలివాళ్లను అడిగి రాయించండి. ఆ తర్వాత పిల్లలతోనే ఒక గ్రామసభ పెట్టించి, ఊరి చెరువు గురించి మాట్లాడించండి. చివర్లో తరగతి నాయకుడి ఎన్నిక చీటీలతో, రహస్యంగా జరిపించండి. ఏది అందరూ కలిసి తేల్చాలో, ఏది ఒక్కొక్కరూ తేల్చుకోవాలో పిల్లలకు చేసి చూస్తేనే తెలుస్తుంది.