చౌక చిప్పు, ఖరీదైన చిప్పు: సీమ ఎండలో ఓవర్‌క్లాకింగ్

తయారీదారు నిర్ణయించిన వేగాన్ని మించి ప్రాసెసర్‌ను నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. ఒకే నమూనాతో, ఒకే కర్మాగారంలో తయారైన చిప్పుల్లో కొన్నింటిని ఎక్కువ వేగం, ఎక్కువ ధరతో, మిగిలినవాటిని తక్కువ ధరతో అమ్మడం ఈ పరిశ్రమలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. పరీక్షలో నెమ్మదిగా తేలినవి చౌక రకంలోకి వెళ్తాయి. తయారీ బాగా కుదిరిన రోజుల్లో మాత్రం చౌక రకానికి ఉన్న గిరాకీ తీర్చడానికి మేలైన చిప్పులను కూడా అందులోనే కలిపేస్తారు. తక్కువ డబ్బుతో ఎక్కువ వేగం రాబట్టే అవకాశం అక్కడ పుట్టింది.

దీనికి పేరు తెచ్చిన చిప్పు ఇంటెల్ సెలెరాన్ 300ఎ. 1998 ఆగస్టులో 149 డాలర్లకు వచ్చింది. అదే రోజు విడుదలైన 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2 ధర 669 డాలర్లు. అప్పటి మారకంలో ఒకటి సుమారు 6,300 రూపాయలు, రెండోది 28,000 పైచిలుకు; సుంకాలు, పన్నులు అదనం. సెలెరాన్ 66 మెగాహెర్ట్జ్ బస్సును (ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే మార్గాన్ని) నాలుగున్నర రెట్లు చేసుకుని 300 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. 440బిఎక్స్ చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డులో బస్సును 100కు మారిస్తే వేగం 450 అయ్యేది. ఆ చిప్పులు చాలావరకు ఈ వేగాన్ని తట్టుకున్నాయి. పైగా సెలెరాన్‌లోని 128 కిలోబైట్ల క్యాష్ (తరచూ వాడే సమాచారాన్ని ఉంచే చిన్న మెమరీ) ప్రాసెసర్ వేగంతోనే పనిచేసేది. పెంటియం 2లో క్యాష్ 512 కిలోబైట్లున్నా సగం వేగమే. చాలా పనుల్లో చౌక చిప్పు ఖరీదైనదానికి దీటుగా నిలిచింది.

రాయలసీమలోనూ కంప్యూటర్లు వాడే విద్యార్థులు ఉండేవారు: ఆనాటికి కర్నూలులో జి. పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కళాశాల, కడపలో కె.ఎస్.ఆర్.ఎం. ఇంజినీరింగ్ కళాశాల నడుస్తున్నాయి. పెద్ద విడిభాగాల బజార్లు మాత్రం దూరం: సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్. కర్నూలు నుంచి సికింద్రాబాద్‌కు 200 కిలోమీటర్ల పైనే. కడప నుంచి చెన్నై, బెంగళూరు ఇంకా దూరం. ఓవర్‌క్లాకింగ్‌తో చెడిన చిప్పుకు వారంటీ వర్తించదు. అంటే ఇక్కడ చిప్పు మాడిందంటే దాని ధరకు తోడు ప్రయాణం ఖర్చూ నష్టమే. ఈ లెక్కలో 6,000 రూపాయల చిప్పుతో చేసే సాహసం వేరు, 28,000 రూపాయల దానితో చేసే సాహసం వేరు.

2000లో ఏఎండీ డ్యూరాన్ వచ్చింది. దాని పైభాగంలో లేజర్‌తో తెంచిన సన్నని గీతలను మామూలు పెన్సిల్ గ్రాఫైట్‌తో కలిపితే గుణకం (బస్సును ఎన్ని రెట్లు చేయాలో చెప్పే సంఖ్య) మీద తయారీదారు వేసిన తాళం ఊడేది. 600 మెగాహెర్ట్జ్ చిప్పును 900 దాకా లాగినవారు చాలామంది. 2003 నాటి అథ్లాన్ ఎక్స్‌పీ 2500+లో బస్సును 166 నుంచి 200కు పెంచితే అది ఖరీదైన 3200+ వేగమైన 2.2 గిగాహెర్ట్జ్ అందుకునేది. అయితే ఎక్స్‌పీకి ముందున్న తొలి తరం అథ్లాన్, డ్యూరాన్‌లకు వేడి మితిమీరితే తమంతట ఆగిపోయే ఏర్పాటు లేదు. హీట్‌సింక్ ఊడితే క్షణాల్లో మాడిపోయేవి.

చౌక చిప్పుల హవాకు 2011 జనవరిలో అడ్డుకట్ట పడింది. ఇంటెల్ శాండీ బ్రిడ్జ్ తరంలో, బస్సు వేగానికి బదులు వచ్చిన బేస్ క్లాక్‌ను ఇతర భాగాల గడియారాలతో ముడిపెట్టడంతో దాన్ని కొద్ది శాతానికి మించి కదిలించడం కుదరలేదు. తాళం లేని 2500కె, 2600కె వంటి చిప్పులే దిక్కయ్యాయి. బస్సు మార్చి డబ్బు మిగుల్చుకునే విద్య, అదనపు ధర చెల్లించి కొనుక్కునే సౌకర్యంగా మారింది. సామాన్యుడికి ఇది నిజంగా నష్టమే. 2014లో ఇంటెల్ 72 డాలర్లకు తాళం లేని పెంటియం జి3258ని తెచ్చినా దానికి ఉన్నవి రెండు కోర్లే. 2017లో ఏఎండీ రైజెన్ చిప్పులన్నీ తాళం లేకుండా వచ్చాకే తూకం మళ్లీ కొంత సరిపడింది. 329 డాలర్ల రైజెన్ 7 1700ను 499 డాలర్ల 1800ఎక్స్ వేగం దరిదాపులకు తేగలిగారు. దానికీ బి350 స్థాయి బోర్డు కావాలి. ఎ320 బోర్డు ఒప్పుకోదు.

రాయలసీమలో ఈ ఎంపికను ఎండ కూడా నిర్ణయిస్తుంది. కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. చిప్పు వాడే విద్యుత్తు వేగంతో పాటు అదే నిష్పత్తిలోనూ, వోల్టేజి వర్గం మేరకూ పెరుగుతుంది. వేగం 20 శాతం, వోల్టేజి 10 శాతం పెంచితే వేడి దాదాపు 45 శాతం పెరుగుతుంది. చిప్పు మీది కూలర్ చేయగలిగింది దాని వేడిని గది ఉష్ణోగ్రతకు కొన్ని డిగ్రీల తేడాలో ఉంచడమే. 25 డిగ్రీల గదిలో 75 దగ్గర నిలిచే చిప్పు, 40 డిగ్రీల గదిలో 90కి చేరుతుంది. చల్లని దేశాల్లో చేసిన పరీక్షల ఫలితాలు ఇక్కడ యథాతథంగా రాకపోవడానికి కారణం ఇదే. ఎక్కువ కోర్లున్న ఖరీదైన చిప్పు ఎక్కువ వేడి పుట్టిస్తుంది కాబట్టి దాని ఇబ్బందీ ఎక్కువే. పొడి నేలల దుమ్ము హీట్‌సింక్ రెక్కల్లో పేరుకుని ఆ తేడాను ఇంకా పెంచుతుంది. సీమకు ఉన్న మేలు ఒక్కటి: గాలి పొడిగా ఉండటం వల్ల నీటితో పనిచేసే ఎయిర్ కూలర్ కోస్తాలో కన్నా ఇక్కడ గదిని బాగా చల్లబరుస్తుంది. కరెంటు కోత పడిందంటే ఆ మేలూ పోతుంది.

ఇప్పటి ప్రాసెసర్లు వేడిని, విద్యుత్తును చూసుకుని తమంతట తామే వేగం పెంచుకుంటాయి. కొన్నవాడికి ఇంకా వేగం పెంచుకోవడానికి మిగిలే జాగా తక్కువ. అందుకే ఈ జిల్లాల్లో ఖరీదైన చిప్పు మీద పెట్టే అదనపు డబ్బు కన్నా, మధ్యస్థ చిప్పుకు మంచి కూలర్, నాణ్యమైన ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్ జోడించడానికి పెట్టే డబ్బే ఎక్కువ ఫలితమిస్తుంది. పెంచిన వేగం నిలుస్తుందో లేదో డిసెంబరు రాత్రి కాదు, మే మధ్యాహ్నం పరీక్షించి చూసుకోవాలి.