ఇరుసు విరిగిన చోటు

నా రాతబల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే ఇనుపముక్క ఒకటి ఉంది. జానెడు కన్నా కాస్త తక్కువ పొడవు. ఒక కొస మర చుట్టి ఉంటుంది, రెండో కొస విరిగి ఉంటుంది. ఇంటికి వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతారు. సాలూరు నుంచి వచ్చినవాళ్ళు మాత్రం అడగరు. చేతిలోకి తీసుకుని, విరిగిన కొసను వెలుతురుకేసి తిప్పి చూస్తారు. అది లారీ ముందు చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్ అని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మా ఊరు నేను పుట్టేనాటికి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979లో విజయనగరం జిల్లాలోకీ, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకీ వెళ్ళింది. జిల్లాలు మారాయి గానీ ఊరు కదల్లేదు. వేగావతి ఒడ్డున, తూర్పు కనుమల పాదాల దగ్గర అలాగే ఉంది. సుంకి ఘాటు ఎక్కి కొరాపుట్టుకో, జయపురానికో, ఆ పైన రాయపూర్‌కో పోవలసిన సరుకు మా వీధుల మీదుగానే పోవాలి. ఆ దారే మా ఊరికి లారీలనిచ్చింది. లారీల వెనకాల బాడీలు కట్టే వడ్రంగులు, కమాను కట్టలు సరిచేసే కమ్మరులు, లేతు పనివాళ్ళు, వెల్డింగు షెడ్లు వచ్చాయి. మా బాల్యం ఆ షెడ్ల మధ్యనే గడిచింది. సుత్తి దెబ్బను బట్టి లోపల ఏ పని జరుగుతోందో చెప్పగలిగేవాళ్ళం.

మా మావయ్య లారీ డ్రైవరు. 1981 వానాకాలంలో ఒకరోజు చింతపండు బస్తాలతో ఘాటు దిగుతుండగా ముందు ఎడమ చక్రం ఊడి లోయలోకి పోయింది. లారీ రోడ్డు పక్కన రాతిని గుద్దుకుని ఒరిగింది. మావయ్య కుడికాలు పోయింది. పక్కన కూర్చున్న క్లీనరు కుర్రవాడు ప్రాణాలతో మిగలలేదు. డ్రైవరు నిద్రపోయాడని యజమాని అన్నాడు. ఊరు కూడా ఆ మాటే అంది. మావయ్య మొదట్లో కాదన్నాడు, తరవాత అనడం మానేశాడు. ఆ కుర్రవాడి తల్లి ఇంటి ముందు నుంచి వెళ్ళవలసి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

ఆ లారీని షెడ్డుకు లాక్కొచ్చిన రోజున ముసలి మేస్త్రీ ఒకాయన నన్ను పిలిచి ఈ ముక్క చూపించాడు. "ఇది ఇయ్యాల ఇరిగింది గాదు బాబూ, ఎప్పట్నుంచో ఇరుగుతంది" అన్నాడు. విరిగిన ముఖంలో రెండు భాగాలున్నాయి. అడుగువైపు నుంచి లోపలికి ముప్పాతిక వంతు దాకా నునుపుగా, నల్లగా, ఆల్చిప్ప మీది గీతల్లాంటి వంపులతో ఉంది. మిగిలిన పాతిక వంతు కొత్తగా పగలగొట్టిన పటికబెల్లంలా గరుకుగా మెరుస్తోంది. ఆ మెరిసేది ఒక్కటే ఆ రోజు విరిగింది. నల్లటిది అంతకు ముందు ఎన్ని నెలల నుంచి తెరుచుకుంటూ వస్తోందో! అప్పుడు నాకు పదిహేనేళ్ళు. మేస్త్రీ మాట విన్నాను గానీ అది సాక్ష్యమని తోచలేదు. తోచినా అడిగేవాళ్ళెవరు?

పదేళ్ళ తరవాత ఇంజనీరింగు చరిత్ర చదువుతుంటే ఆ ముక్క బొమ్మ కనబడినంత పనైంది. 1842 మే 8న వెర్సాయ్‌లో రాజుగారి ఉత్సవం చూసి పారిస్‌కు తిరిగి వెళుతున్న రైలు మ్యుదోన్ దగ్గర ప్రమాదానికి గురైంది. ముందు ఇంజను ఇరుసు విరిగింది. వెనకాల పెట్టెలు దాని మీదికెక్కి అంటుకున్నాయి. పెట్టెల తలుపులు బయట నుంచి తాళం వేసి ఉన్నాయి. యాభైమందికి పైగా కాలిపోయారు. దక్షిణ ధ్రువ సముద్రాలు చుట్టివచ్చిన నావికుడు ద్యుమోన్ ద్యుర్విల్ భార్యతో, కొడుకుతో సహా అందులోనే పోయాడు. సముద్రాల మీద దక్కిన ప్రాణం పారిస్ పొలిమేరలో దక్కలేదు.

మంచి ఇనుముతో చేసిన ఇరుసు, మోయగల బరువులోపే మోస్తున్న ఇరుసు, ఎందుకు విరగాలి? అప్పటివాళ్ళు ఒక సమాధానం చెప్పుకున్నారు: అదురుకు అదురుకు ఇనుము లోపల స్ఫటికాలుగా మారిపోతుందనీ, నారలా ఉన్నది పెళుసుబారుతుందనీ. విరిగిన చోట మెరిసే గరుకుతనం వాళ్ళను అలా నమ్మించింది. 1843లో స్కాట్లండుకు చెందిన విలియం రాంకిన్ అనే ఇరవై మూడేళ్ళయినా నిండని ఇంజనీరు విరిగిన ఇరుసులను పరిశీలించి ఆ నమ్మకం తప్పన్నాడు. ఇనుము స్వభావం మారలేదు. ఇరుసు సన్నబడే మెడ దగ్గర, పదునైన మూల ఉన్నచోట, పగులు పుట్టి చుట్టూ కొంచెం కొంచెంగా లోపలికి నడిచింది. మిగిలిన నడిమి భాగం బరువు మోయలేని రోజున తెగింది. ఆ మూలను పదునుగా వదలక వంపు తిప్పి చెక్కమని ఆయన సలహా. ఇంత చిన్న సలహాను ప్రపంచం పట్టించుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

తరవాతి వాడు ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వోలర్. ఈయన పద్ధతి వేరు, వాదించడు, తిప్పుతాడు. ఇనుప కడ్డీలకు బరువు కట్టి, విరిగేదాకా తిప్పి, ఎన్ని చుట్లకు విరిగాయో లెక్క రాసుకున్నాడు. 1850లలో మొదలైన ఆ పని 1870 దాకా సాగింది. ఒక్కసారి వేస్తే ఏమీ చెయ్యని బరువు లక్షలసార్లు వేస్తే విరగ్గొడుతుందని ఆ లెక్కలు తేల్చాయి. రైలు ఇరుసు చక్రంతో పాటు తిరుగుతుంది కనుక దాని ఒంటి మీద ప్రతి చోటూ ఒక చుట్టులో ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. బొబ్బిలి నుంచి సాలూరుకు సుమారు 18 కిలోమీటర్లు. మీటరు వ్యాసమున్న చక్రం ఆ కాస్త దూరానికే 5,700 సార్లకు పైగా తిరుగుతుంది. లారీ ముందు ఇరుసు తిరగదు, దాని మీద చక్రమే తిరుగుతుంది. నేల చక్రాన్ని పైకి తన్నుతుంది కనుక సాగేది ఎప్పుడూ ఇరుసు అడుగుభాగమే. మా ముక్కలో పగులు అడుగునుంచే ఎందుకు మొదలైందో ఈ మాట చదివాక గానీ నాకు అర్థం కాలేదు.

బొబ్బిలి–సాలూరు రైలుమార్గం వేసింది 1913లో. అదే ఏడాది చార్లెస్ ఇంగ్లిస్ అనే ఇంగ్లీషు ఆచార్యుడు పదునైన మూలల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు, కలిపి గుర్తుపెట్టుకోవడం నా సరదా. పలకను లాగుతున్నప్పుడు అందులో కోడిగుడ్డు ఆకారపు రంధ్రం ఉంటే దాని కొస దగ్గర లాగుడు ఎన్ని రెట్లవుతుందో ఆయన లెక్కగట్టాడు. లాగే దిక్కుకు అడ్డంగా ఉన్న రంధ్రం పొడవు వెడల్పుకు పది రెట్లుంటే కొస దగ్గర ఇరవై ఒక్క రెట్లు! అసలు పగులంటే వెడల్పు దాదాపు లేని రంధ్రమే కదా. ఈ లెక్క ప్రకారం ఏ చిన్న గీత పడినా ఏ వస్తువూ నిలవకూడదు. కానీ నిలుస్తున్నాయి.

ఆ చిక్కు విప్పినవాడు గ్రిఫిత్. ఇంగ్లండులో ఫార్న్‌బరో విమాన కర్మాగారంలో పనిచేస్తూ గాజు మీద ప్రయోగాలు చేశాడు. అప్పుడే లాగిన సన్నని గాజుపోగు మామూలు గాజుకన్నా ఎన్నో రెట్లు బలంగా ఉందని చూశాడు. సన్నని పోగులో పెద్ద పగులు పట్టే చోటే ఉండదు. మనం గాజు బలం అనుకునేది గాజుది కాదు, దానిలోని పగుళ్ళు మిగల్చినది. 1921లో అచ్చయిన ఆయన వ్యాసం ప్రకారం పగులు పెరగాలంటే కొత్త ముఖాలు తెరవడానికి శక్తి ఖర్చవాలి. పగులు పెరిగినందువల్ల విడుదలయ్యే శక్తి ఆ ఖర్చుకు సరిపోయేదాకా అది ఆగి ఉంటుంది, సరిపోయిన క్షణాన పరుగెత్తుతుంది. పగులు నాలుగింతలైతే బలం సగమవుతుంది. ఉక్కు గాజంత పెళుసు కాదు కనుక ఈ లెక్క దానికి నేరుగా పనికిరాలేదు. ఆ సర్దుబాటు చేయడానికి అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో జార్జ్ ఇర్విన్ రావలసి వచ్చింది, 1950లలో.

ఈ మధ్యలో ఓడలు విరిగాయి. 1943 జనవరి 16న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర, కదలని నీళ్ళలో, కట్టేసి ఉన్న స్కెనెక్టడీ అనే కొత్త చమురు ఓడ పెద్ద చప్పుడుతో నడిమికి రెండయింది. యుద్ధకాలపు తొందరలో రివెట్లు మానేసి వెల్డింగుతో కట్టిన ఓడ అది. చలికి పెళుసుబారే ఉక్కు, లోపమున్న అతుకు, రెండూ కలిశాయి. రివెట్ల ఓడలో ఒక రేకులో పుట్టిన పగులు ఆ రేకు అంచు దాకా వచ్చి సాధారణంగా అక్కడ ఆగేది. వెల్డింగు ఓడంతటినీ ఒకే రేకు చేసింది. పగులుకు ఇక గుమ్మమంటూ లేదు.

ఇది చదివినప్పుడు నాకు మా షెడ్డులోని కమాను కట్ట కళ్ళముందు మెదిలింది. అన్ని పట్టీలు ఒకదానిమీద ఒకటి ఎందుకు, ఒకే మందపాటి పట్టీ వెయ్యకూడదా అని చిన్నప్పుడు మేస్త్రీని అడిగాను. ఒకటి విరిగితే రెండోది ఇంటికి తీసుకొస్తుంది అన్నాడు. పట్టీలు ఎక్కువైతే కట్ట మెత్తగా వంగుతుందన్నది పుస్తకాల జవాబు, అదీ నిజమే. కానీ ఘాటు మధ్యలో డ్రైవరుకు కావలసినది మేస్త్రీ జవాబే.

ఆయన మరో పని చేసేవాడు. లారీ చాసిస్‌లో పగులు కనబడితే కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లేవాడు. లోపల దాగిన కిరసనాయిలు బయటికి ఊరి సుద్ద మీద సన్నని తడిగీత గీసేది. పగులు కొస ఎక్కడుందో అలా పట్టుకుని, సరిగ్గా ఆ కొస మీద బెజ్జం వేసేవాడు. పగిలినదానికి ఇంకో తూటేమిటని మేము నవ్వేవాళ్ళం. కొసలో ఉన్న సూదితనాన్ని బెజ్జపు గుండ్రం తీసేస్తుందని, అదే ఇంగ్లిస్ లెక్క అని, ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. అది మందు కాదు, గడువు. ఆ సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు. బెజ్జం వేశాక పైన పట్టీ బిగించి, ఫలానా నెలలోగా మళ్ళీ తెమ్మని యజమానికి చెప్పేవాడు.

గడువు లెక్కగట్టడమే తరవాతి శాస్త్రమంతా. 1960లలో పాల్ పారిస్ ఒక్కొక్క కుదుపుకు పగులు ఎంత పెరుగుతుందో చెప్పే సూత్రం ఇచ్చాడు. విమానాల్లో పగుళ్ళు లేవనుకోవద్దు, ఉన్నాయనుకుని అవి ప్రమాదకరం కాకముందే వెదికి పట్టే వ్యవధి నిర్ణయించండి అని 1978లో అమెరికా నియమాలు మారాయి. అయినా 1988 ఏప్రిల్ 28న హవాయి ద్వీపాల మీద అలోహా సంస్థ బోయింగ్ విమానం పైకప్పు 24 వేల అడుగుల ఎత్తులో ఊడిపోయింది. అప్పటికి అది 89 వేలకు పైగా ప్రయాణాలు చేసింది. ఒక విమాన పరిచారిక గాలిలో కొట్టుకుపోయింది, మిగిలినవాళ్ళతో విమానం దిగగలిగింది. అక్కడ ఉన్నది ఒక పెద్ద పగులు కాదు. వరసగా ఉన్న రివెట్ల బెజ్జాల దగ్గర చిన్నచిన్న పగుళ్ళు కలిసిపోయాయి. విడివిడిగా చూస్తే భయపెట్టనివి కలిస్తే ఎంత బలం తీస్తాయో గణించడం ఆ తరవాత పెద్ద పని అయింది. ముసలి విమానాల మీద ఆ లెక్కలు కట్టినవారిలో ముఖ్యుడు మన గుడివాడలో 1945లో పుట్టిన సత్య అట్లూరి. జార్జియా టెక్‌లో ఆచార్యుడిగా ఉండి పగుళ్ళ పెరుగుదలను కంప్యూటరుతో గణించే పద్ధతులు రూపొందించారు. 2013లో పద్మభూషణ్ వచ్చినప్పుడు మన పత్రికలు ఆయనను విమాన శాస్త్రవేత్త అన్నాయి. నేనైతే పగుళ్ళ లెక్కల మనిషి అంటాను.

ఇంత చదివాక ముక్క తీసుకుని సాలూరు వెళ్ళాను. మేస్త్రీ అప్పటికి లేడు. అరిగిన బేరింగు చోట వెల్డింగుతో ఇనుము పోసి, లేతు మీద తిప్పి, మళ్ళీ బిగించిన ముక్క అది అని, అలా తిప్పినవాడు మెడ దగ్గర మూలను కత్తిలా వదిలేశాడని, ఆ పనివాళ్ళే చూసి చెప్పారు. కొత్తది కొనకుండా అలా చేయించింది ఎవరో చెప్పనక్కరలేదు. రాంకిన్ వద్దన్న మూల, నూట ముప్పై ఎనిమిదేళ్ళ తరవాత, సుంకి ఘాటులో.

మావయ్యకు ఇదంతా చెప్పాను. వెర్సాయ్ నుంచి మొదలుపెట్టి చెప్పాను, పిచ్చివాణ్ణి. ఆయన ముక్కను ఒళ్ళో పెట్టుకుని నల్లటి భాగం మీద బొటనవేలు రాస్తూ విన్నాడు. "ఆ రోజు సుత్తితో ఒక్కసారి కొట్టి చూసుంటే చప్పుడు తేడాగా వచ్చేదా?" అని అడిగాడు. విజయనగరం స్టేషనులో పొడవాటి కర్ర సుత్తితో రైలు చక్రాలను కొట్టుకుంటూ పోయే మనిషిని మేమిద్దరం చూసినవాళ్ళమే. హబ్బు లోపల దాగిన మెడ అది, చక్రం విప్పితే తప్ప దొరకదు, కొట్టినా తెలిసేది కాదు అన్నాను. నాకు తెలిసినంతలో అది నిజమే. ఆయన తల ఊపాడు. మర్నాడు కర్ర ఊతంతో ఆ కుర్రవాడి తల్లి ఇంటికి వెళ్ళాడట. ముక్క కూడా సంచిలో వేసుకుని వెళ్ళాడట. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. తిరిగివచ్చి ముక్క నా చేతికిచ్చి, నీ దగ్గరే ఉంచు అన్నాడు.

మావయ్య పోయి పన్నెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఉప్పుగాలి ఊళ్ళన్నీ తిరిగింది ఈ ముక్క నాతో. తుప్పు రెండు భాగాలనూ సమంగా కప్పేసింది. ఏది పాత పగులో, ఏది ఆ రోజు తెగినదో ఇప్పుడు చూస్తే తెలియదు. ఎవరైనా అడిగితే, ఇక్కడి దాకా నునుపుగా ఉండేది అని, జ్ఞాపకం మీద, వేలితో గీత గీసి చూపిస్తాను.