మోండాలో ధరవార్త

1806లో నిజాము సికందర్ జా పేర వెలసిన సికిందరాబాదు దండునకు కూరగాయలందించుచు, రైల్వేస్టేషనుకు చేరువనే వర్ధిల్లిన మోండా మార్కెట్టులో, పొరుగు సంత ధర తెలియని రైతునకు దళారి నోటిమాటయే వేదవాక్కుగా ఉండెను.

ఇట్టి వార్తాప్రసారమును శాస్త్రముగా పరిశీలించు విద్యకు ఆ చేరువనే బీజము పడినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1954లో పత్రికారచనాశాఖ నెలకొల్పబడెను. 1975-76లో ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగము ఆంధ్రప్రదేశ్ గ్రామములకు చేరినప్పుడు, పైనుండి వచ్చిన సందేశము పల్లెవాసుల నెంతవరకు మార్చునని పరిశోధకులు విచారించిరి. సెల్‌ఫోను రాగా, వార్తను వినువాడే పంపువాడును అగుటచే, ప్రశ్నయే మారిపోయెను. కేరళ జాలరులను పరిశీలించి ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ 2007లో ప్రకటించిన వ్యాసము, ఫోను చేరిన తీరములందు చేపల ధరలలోని వ్యత్యాసము మిక్కిలి తగ్గెననియు, అమ్ముడుపోక పారవేయు సరకు దాదాపు లేకపోయెననియు చూపెను. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణి ఆరంభమై, వేర్వేరు మార్కెట్టు యార్డులను ఒకే జాలమున కూర్చ నారంభించెను.

నేడు మోండాలో వంకాయల గంప ప్రక్కన, త్రాసునకు ఆనించిన క్యూఆర్ పలక కనబడును. అయినను ధర తెలియుట వేరు, ఆ ధర పలుకు చోటికి సరకు తరలింపగలుగుట వేరు. తెరపై లభించు లెక్కలతోనే తృప్తి నొందక, మన పరిశోధకులు ఈ గంపల నడుమ కూర్చుండి, ఫోను ఎవరి బేరమునకు బలమిచ్చినదో విచారింపవలెను.